కటాఫ్ లేని చోట అవకాశం ఎంతో తేల్చుకోవడం ఎలా

విశాఖలో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ర్యాంకు లెక్క కొట్టిన పిండి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే జోసా వెబ్‌సైట్ తెరుస్తారు, గత ఏడాది ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు చూస్తారు, కేటగిరీ చూసుకుంటారు, ఏ ఐఐటీలో ఏ బ్రాంచి వస్తుందో అటూ ఇటూగా చెప్పేస్తారు. ఆ లెక్క పెద్దగా తప్పదు. అక్కడ సీటుకీ పిల్లాడికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క అంకె.

హార్వర్డ్, ఎమ్‌ఐటీ, స్టాన్‌ఫర్డ్ దగ్గర ఆ అంకె లేదు. అయినా ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీ మెట్లెక్కితే "మీవాడికి అరవై శాతం చాన్సుందండి" అనేవాళ్ళు దొరుకుతారు. ఆ అరవై ఎలా వచ్చిందని అడిగి చూడండి. అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష స్కోరుని ఆ యూనివర్సిటీ సగటుతో పోల్చామంటారు. ఆ పోలికతో తెలిసేది ఒక్కటే, దరఖాస్తుని శ్రద్ధగా చదువుతారా, పక్కన పడేస్తారా అని. తీసుకుంటారో లేదో దాంతో తేలదు.

అలాగని అంతా దైవాధీనమని వదిలెయ్యక్కర్లేదు. నూటికి ఒకటా, ఐదా, ఇరవయ్యా అన్న తేడా వరకూ ఇంట్లోనే పట్టుకోవచ్చు. మూడు సాయంత్రాలు, ఒక లాప్‌టాప్, తొమ్మిదో తరగతి నుంచి మార్కుల కాగితాలు, అమ్మానాన్నల ఆదాయం వివరాలు చాలు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అవగానే, ఏప్రిల్‌లోనో మేలోనో కూర్చోండి. అప్పటికి సరిదిద్దుకోగలిగినవి కొన్ని చేతిలో ఉంటాయి. రెండో సంవత్సరం నవంబర్‌లో కూర్చుంటే లెక్క తెలుస్తుంది గానీ చెయ్యడానికి ఏమీ మిగలదు.

ముందు ఏ వరసలో నిలబడ్డారో చూడండి

2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్‌లో 54,008 మంది దరఖాస్తు పెడితే 1,937 మందికి సీటు వచ్చింది. నూటికి మూడున్నర. ఈ అంకె చూసి "మనకీ వందలో మూడున్నర అన్నమాట" అనుకోవడం మొదటి పొరపాటు. ఆ 1,937లో ముందే కోచ్‌లు ఎంపిక చేసుకున్న క్రీడాకారులున్నారు, పూర్వ విద్యార్థుల పిల్లలున్నారు, భారీగా విరాళాలిచ్చిన కుటుంబాల వాళ్ళున్నారు, అక్కడి సిబ్బంది పిల్లలున్నారు. గాజువాక నుంచి దరఖాస్తు పెట్టే అమ్మాయి ఆ వరసల్లో వేటిలోనూ లేదు. ఆమె నిలబడ్డది విదేశీ విద్యార్థుల వరసలో, అందులోనూ ఆర్థిక సాయం అడిగే వాళ్ళ వరసలో.

ఎమ్‌ఐటీ ఈ విషయంలో దాపరికం లేకుండా అమెరికా పౌరుల లెక్క, విదేశీయుల లెక్క విడివిడిగా ప్రకటిస్తుంది. మొత్తం మీద చూస్తే నూటికి నాలుగున్నర దాకా ఉన్న శాతం, విదేశీయుల దగ్గరికి వచ్చేసరికి రెండు దరిదాపుకి పడిపోతుంది. మిగతా చోట్ల ఈ లెక్క మనమే తవ్వుకోవాలి. యూనివర్సిటీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టి వెతికితే ఏటా వచ్చే పీడీఎఫ్ దొరుకుతుంది. చాలా పొడుగుంటుంది, భయపడకండి, మనకి కావలసిన గళ్ళు నాలుగైదే.

సి1 అనే గడిలో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందిని తీసుకున్నారు అనేది ఉంటుంది. ఇటీవలి ఏళ్ళ ఫారాల్లో విదేశీయుల వరస కూడా వేరుగా వచ్చింది, కొందరు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. సి7లో మార్కులు, సిఫారసు లేఖలు, వ్యాసం, యాక్టివిటీలు, ఇంటర్వ్యూ ఒక్కోటీ వాళ్ళకి ఎంత ముఖ్యమో టిక్కులు పెట్టి ఉంటుంది. సి9లో శాట్ స్కోర్లు, సి21లో ఎర్లీ డెసిషన్ (వస్తే చేరతానని మాటిచ్చి ముందుగా పెట్టే దరఖాస్తు) లెక్కలు, హెచ్6లో విదేశీయులకిచ్చిన సాయం. ఎంచుకున్న ప్రతి యూనివర్సిటీకీ ఈ అయిదు గళ్ళూ ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి సాయంత్రం పని అంతే.

మార్కులు, శాట్

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఎంపీసీలో మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530, మొత్తం 1000. మన దగ్గర 980 దాటితే ఫ్లెక్సీ కడతారు. దరఖాస్తు చదివే అధికారికి తెలిసేది వేరు: ఈ బోర్డులో పై మార్కుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. అందుకని 985కీ 972కీ మధ్య తేడా అక్కడ దాదాపు ఏమీ చెప్పదు. 930కి కిందకి జారితే మాత్రం ప్రశ్న వస్తుంది, మ్యాథ్స్‌లోనో ఫిజిక్స్‌లోనో పోయిన మార్కులైతే ఇంకా. సంస్కృతంలో 99 వచ్చిందని మురిసిపోకండి, దానికి ఎవరూ విలువ కట్టరు.

మార్కులన్నీ ఒకేచోట పోగుపడ్డప్పుడు విడదీసేది శాట్. ఎమ్‌ఐటీ, హార్వర్డ్, కాల్‌టెక్, డార్ట్‌మత్, బ్రౌన్, స్టాన్‌ఫర్డ్ లాంటివి శాట్‌ని లేదా దానిలాంటి ఏసీటీ పరీక్షని మళ్ళీ తప్పనిసరి చేశాయి. కొలంబియా ఐచ్ఛికంగా ఉంచింది. బర్క్‌లీ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు పంపినా అసలు చూడవు. ఎమ్‌ఐటీలో సీటు వచ్చిన వాళ్ళలో మధ్య సగం మంది మ్యాథ్స్ స్కోరు 800కి 780–800, రీడింగ్–రైటింగ్ 740–780 మధ్య ఉంటుంది.

ఈ అంకెల్ని చదవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 75వ పర్సంటైల్ స్కోరు వచ్చిందంటే డెబ్బై అయిదు శాతం అవకాశం ఉందని కాదు. చేరిన వాళ్ళలో నూటికి పాతిక మందికి ఇంకా ఎక్కువ ఉందని మాత్రమే. పైగా సి9లోవి చేరిన వాళ్ళ స్కోర్లు, ఎంపికైన వాళ్ళవి కావు. శాట్ ఐచ్ఛికమైన చోట స్కోరు బాగా వచ్చినవాళ్ళే పంపుతారు కాబట్టి ఆ అంకెలు ఉబ్బి కనిపిస్తాయి. 25వ పర్సంటైల్ దగ్గర చేరినవాళ్ళలో క్రీడాకారుల్లాంటి వాళ్ళు ఎక్కువ. విశాఖ నుంచి వెళ్ళే పిల్లలకి ఆ గీత కింద ఉంటే అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మధ్య గీత (50వ పర్సంటైల్) దాటితే చదువు వరకూ గండం గడిచినట్టు.

మనవాళ్ళకి మ్యాథ్స్‌లో 800 కొత్తేం కాదు, జేఈఈకి చదివిన పిల్లలకి అది అలవాటైన పని. ఆ కారణంగానే అది పెద్దగా విడదీయదు. ఆగిపోయేది రీడింగ్ దగ్గర. రోజుకి పద్నాలుగు గంటలు సమస్యలు సాధించే పిల్లవాడు రెండేళ్ళలో ఒక్క ఇంగ్లిష్ పుస్తకం చదవకపోతే 640 దగ్గర ఇరుక్కుంటాడు. అప్పుడు నాలుగు నెలల కోచింగ్ తెచ్చేది ముప్పయ్యో నలభయ్యో పాయింట్లు. మొదటి సారి శాట్ ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల తర్వాత మేలోనో జూన్‌లోనో రాయించి, రెండోది ఆగస్టుకో అక్టోబర్‌కో పెట్టుకోవాలి. మూడో ప్రయత్నం జేఈఈ మెయిన్ చదువుని తినేస్తుంది. దగ్గరి సెంటర్ నిండిపోతే హైదరాబాద్ రైలెక్కాల్సి వస్తుంది, తేదీ తేల్చుకోగానే సీటు బుక్ చేసుకోండి.

మన కాలేజీ గురించి అక్కడ ఎవరికీ తెలియదు

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే విశాఖ పిల్లలు అనవసరంగా నష్టపోయేది ఈ దగ్గరే.

అమెరికా యూనివర్సిటీకి మార్కుల మెమో ఒక్కటి పంపితే సరిపోదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళ మార్కులు, కాలేజీ తరఫున కౌన్సెలర్ లేఖ, ఇద్దరు లెక్చరర్ల లేఖలు, కాలేజీ ఎలాంటిదో చెప్పే ఒక పేజీ పత్రం వెళ్ళాలి. దాన్ని స్కూల్ ప్రొఫైల్ అంటారు. ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఇది ఎప్పుడో అచ్చు వేసి ఉంటుంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో చాలాసార్లు ఆ మాటే కొత్తగా ఉంటుంది. కౌన్సెలర్ అనే పోస్టే ఉండదు, ప్రిన్సిపాలే ఆ పాత్ర వెయ్యాలి.

ఆ ప్రొఫైల్ లేకపోతే ఏమవుతుంది? అధికారి కళ్ళకి కనబడేది ఇదీ: చర్చా వేదిక లేదు, పత్రిక లేదు, స్పోర్ట్స్ లేదు, ఆనర్స్ కోర్సుల్లేవు. పిల్లవాడు ఏదీ ఎంచుకోలేదు అనుకుంటారు. అసలు ఎంచుకోవడానికే ఏమీ లేదని ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఒక పేజీలో ఇవి రాసి ప్రిన్సిపాల్ చేత లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టించండి: కాలేజీలో ఎంతమంది పిల్లలు, ఏ గ్రూపులు, బోర్డు మార్కుల పద్ధతి, గత ఏడాది ఎంపీసీలో 950 దాటిన వాళ్ళు ఎంతమంది, ర్యాంకులు ఇస్తారా లేదా, అడ్వాన్స్‌డ్ కోర్సులు ఏవీ ఉండవన్న సంగతి, తరగతులు ఎన్నింటికి మొదలై స్టడీ అవర్ ఎన్నింటికి ముగుస్తుంది, ఏ క్లబ్బులూ లేవన్న సంగతి. పొగడ్త ఒక్క ముక్క కూడా వద్దు. అన్నీ అంకెలే.

తొమ్మిదో తరగతి కాగితాలు వెంటనే సంపాదించండి. పదికి బోర్డు మెమో ఉంటుంది, తొమ్మిదికి స్కూలు రికార్డే దిక్కు. పిల్లలు స్కూలు మారి రెండేళ్ళయ్యాక, ఆ బ్రాంచి మూతపడ్డాకో పేరు మారాకో అక్టోబర్ చివర్లో ఆ కాగితం కోసం తిరగడం నరకం.

లెక్చరర్ లేఖలది ఇంకో తంతు. "సిన్సియర్, హార్డ్ వర్కింగ్, ఒబీడియెంట్" అని మూడు లైన్లు రాస్తారు, లేదా "నువ్వే రాసుకు రా, సంతకం పెడతా" అంటారు. రెండోది మన ఊళ్ళో మామూలైపోయింది. చెయ్యకండి. వ్యాసం, రెండు లేఖలు ఒకే చేతి రాతలా ఉంటే చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత దరఖాస్తులో ఏ మాటా నమ్మరు. దానికి బదులు లెక్చరర్‌కి ఒక కాగితం ఇవ్వండి, అందులో ఆయన క్లాసులో జరిగిన రెండు సంగతులు గుర్తు చెయ్యండి: రొటేషనల్ డైనమిక్స్‌లో ఫలానా లెక్కకి బోర్డు మీద వేరే దారిలో చేసి చూపించాడు, తప్పని తేలాక మర్నాడు తప్పెక్కడుందో కనిపెట్టుకొచ్చాడు. ఆయన తన మాటల్లో, తన ఇంగ్లిష్‌లో రాస్తే చాలు. భాష పొరపాట్లకి ఎవరూ మార్కులు తగ్గించరు.

యాక్టివిటీలకి బరువు కట్టడం

హార్వర్డ్ మీద ఎంపికల విషయంలో 2014లో వేసిన కేసు 2018లో విచారణకొచ్చింది, 2023లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ కేసు పుణ్యమా అని దరఖాస్తులు చదివేవాళ్ళ అంతర్గత మార్గదర్శకాలు బయటపడ్డాయి. చదువు, యాక్టివిటీలు, వ్యక్తిత్వం, క్రీడలు వీటికి వేరువేరుగా 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. 1 అన్నిటికన్నా మేలు. ఇంట్లో కూర్చుని వాడుకోవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

చదువులో 2 అంటే మెరుగైన మార్కులు, ఏడు వందల మధ్య నుంచి పైకి శాట్ స్కోర్లు. 1 రావాలంటే అవి సరిపోవు, సొంతంగా చేసిన పరిశోధన లాంటిది, అసాధారణమైన సృజన ఏదైనా ఉండాలి. యాక్టివిటీల్లో 1 అంటే జాతీయ స్థాయి విజయం. 2 అంటే స్కూల్లో గట్టి పాత్ర, ఊళ్ళోనో ప్రాంతంలోనో గుర్తింపు. 3 అంటే పాల్గొన్నాడు, ప్రత్యేకత లేదు. 4 అంటే దాదాపు ఏమీ లేదు. ఇక 5 అనే అంకె విచిత్రమైనది, అది తక్కువ అని కాదు. ఇంటి బాధ్యతలో, సంపాదన కోసం చేసే పనో ఉన్నవాళ్ళకి వేసేది. పూర్ణా మార్కెట్‌లో నాన్న కొట్టు సాయంత్రాలు చూసుకునే అబ్బాయి, అమ్మ డ్యూటీకి వెళ్తే తమ్ముణ్ణి, నాయనమ్మని చూసుకునే అమ్మాయి ఆ సంగతి దాచుకోకూడదు. మనవాళ్ళు సిగ్గుపడి అది వదిలేసి, దాని స్థానంలో రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ పెడతారు!

మన టాపర్లు చాలామంది ఈ కొలబద్ద మీద చదువులో 2, యాక్టివిటీల్లో 3 లేదా 4 దగ్గర తేలతారు. ఇదే జోడీతో దేశమంతటి నుంచీ వేల దరఖాస్తులు వెళ్తాయి. ఆ గుంపులో ఉన్నంత సేపూ మూల శాతం (మీరు నిలబడ్డ వరసలో మొత్తం మీద ఎంపికయ్యే శాతం) కన్నా మీ అవకాశం తక్కువే అనుకోండి.

జాతీయ స్థాయి అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోవాలి. స్కూళ్ళకి ప్రైవేటు సంస్థలు పెట్టే ఒలింపియాడ్‌లో బంగారు పతకం ఇంటింటికీ ఉంటుంది, దానికి బరువు లేదు. గణిత ఒలింపియాడ్‌లో తొలి పరీక్ష ఐఓక్యూఎమ్ దాటి ప్రాంతీయ పరీక్ష ఆర్‌ఎమ్‌ఓ, అది దాటి జాతీయ పరీక్ష ఐఎన్‌ఎమ్‌ఓ దాకా వెళ్తే బరువుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఖగోళంలో ఫిజిక్స్ అధ్యాపకుల సంఘం ఐఏపీటీ పెట్టే పరీక్షలు దాటి హోమీ భాభా కేంద్రం నడిపే జాతీయ ఒలింపియాడ్ దాకా చేరితే బరువుంది. ఐఓక్యూఎమ్ సాధారణంగా సెప్టెంబర్‌లో, ఫిజిక్స్ తొలి పరీక్ష నవంబర్‌లో వస్తాయి, జేఈఈకి చదివేవాళ్ళకి అదనంగా కావలసింది ధైర్యమే. కాలేజీ వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి.

ఒలింపియాడ్ లేకపోయినా దారుంది, కానీ అది సర్టిఫికెట్ల దారి కాదు. చాలా అమెరికా యూనివర్సిటీలకి ఒకే దరఖాస్తుగా వాడే కామన్ యాప్ ఫారంలో పది యాక్టివిటీలకే చోటుంటుంది, ఒక్కోదాని వర్ణనకి 150 అక్షరాలే. ఆ చిన్న గడిలో మాట ఎలా నిలబడుతుందో చూడండి. "ఆర్కే బీచ్‌లో క్లీనింగ్ కార్యక్రమాల్లో పాల్గొని పర్యావరణంపై అవగాహన కల్పించాను" అని రాస్తే చదివేవాళ్ళ కళ్ళు ఆగవు. "కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా 14 నెలలు ఆదివారాలు చెత్త ఏరి రకాల వారీగా తూచాం, లెక్కలు జీవీఎంసీకి ఇచ్చాం" అంటే ఆగుతాయి. రెండోదాంట్లో ఎక్కడ, ఎంతకాలం, ఏం మిగిలింది అనే మూడూ ఉన్నాయి. మీ పిల్లల ప్రతి యాక్టివిటీకీ ఈ మూడు ప్రశ్నలూ వెయ్యండి. మూడింటికీ జవాబు లేని దాన్ని కొట్టేస్తే మిగిలేవి రెండో మూడో. ఫరవాలేదు, వాటిమీదే నడుస్తుంది.

ఎంత బరువో నిర్ణయించేటప్పుడు ఒక చిన్న పరీక్ష: ఆ పని ఆ పిల్లవాడు మానేస్తే ఎవరికైనా తెలుస్తుందా? తెలిస్తే 2 దగ్గరికి వెళ్ళండి. తెలియకపోతే 3.

డబ్బు లెక్క సీటు లెక్కని మార్చేస్తుంది

అమెరికాలో ఈ స్థాయి ప్రైవేటు యూనివర్సిటీ ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి 85 వేల డాలర్ల పైమాటే, నాలుగేళ్ళకి మూడు కోట్ల రూపాయల దరిదాపు. ఇది మన దగ్గర ఆఖర్న మాట్లాడే విషయం. మొదట మాట్లాడాల్సింది.

విదేశీయులు సాయం అడిగినా ఎంపికలో ఆ సంగతి చూడని యూనివర్సిటీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్‌ఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్, ఇంకొన్ని. స్టాన్‌ఫర్డ్ సహా మిగతా చాలా చోట్ల విదేశీ విద్యార్థి సాయం అడగడం ఎంపిక మీద ప్రభావం చూపిస్తుంది. అక్కడ ఏడాదికి పది వేల డాలర్లు తగ్గించమనడం వేరు, డెబ్బై వేలు ఇమ్మనడం వేరు. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీయులకి అవసరాన్ని బట్టి సాయం ఇవ్వవు. బర్క్‌లీలో సీటు వచ్చి, డబ్బు దగ్గర ఆగిపోతే అది అవకాశంగా లెక్కకి రాదు.

హెచ్6 గడి ఇక్కడ పనికొస్తుంది. ఊరికే ఉదాహరణకి, ఒక చిన్న కాలేజీలో 120 మంది విదేశీయులకి సగటున 60 వేల డాలర్ల సాయం అందిందని ఉందనుకోండి. ఆ 120 నాలుగు సంవత్సరాల వాళ్ళనీ కలిపిన అంకె. నాలుగుతో భాగిస్తే ఏడాదికి ముప్పై మంది. ఆ ముప్పై సీట్లు నేపాల్, వియత్నాం, ఘనా, చైనా, మన దేశం అన్నిటికీ కలిపి. సి1లో విదేశీ దరఖాస్తులు మూడు వేలుంటే, అందులో ఎక్కువమంది సాయం అడిగేవాళ్ళే కాబట్టి మీ అసలు శాతం ఒకటికి అటూ ఇటూ. బయట ఆ కాలేజీ ఎంపిక శాతం పదిహేనని కనిపించినా సరే.

సాయం కోసం చాలాచోట్ల సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపాలి. అందులో జీతమే కాదు, ఆస్తులూ అడుగుతారు. మధురవాడలో కొన్న సైటు, ఊళ్ళో తాతగారు పంచిన పొలం, ఎయిర్‌పోర్టు వస్తోందని ధర పెరిగిన భోగాపురం స్థలం, ఇవన్నీ కాగితం మీద ఆస్తే. ఏడాదికి పన్నెండు లక్షల జీతమున్న కుటుంబం తనని తాను మధ్యతరగతి అనుకుంటుంది, ఫారం మాత్రం అలా అనుకోకపోవచ్చు. యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉండే ఖర్చుల క్యాలిక్యులేటర్లు చాలావరకు అమెరికన్ కుటుంబాల కోసం తయారైనవి, వాటి అంకెని పట్టుకుని ఊరట చెందకండి. కుటుంబం నిజంగా ఎంత పెట్టగలదో, అప్పుతో కలిపి, ఒక అంకె తేల్చి కాగితం పైన రాయండి. పిల్లలకీ చెప్పండి.

ఒక లెక్క చేసి చూద్దాం

ఉక్కునగరంలో ఉండే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మొదటి సంవత్సరం 470కి 458. శాట్ 1520, అందులో మ్యాథ్స్ 800, రీడింగ్ 720. ఆర్‌ఎమ్‌ఓ దాకా వెళ్ళింది, ఐఎన్‌ఎమ్‌ఓకి రాలేదు. కాలనీలో తనకన్నా చిన్న పిల్లలకి రెండేళ్ళుగా లెక్కలు చెబుతోంది, తను తయారుచేసిన తెలుగు వర్క్‌షీట్లు మూడు ప్రభుత్వ పాఠశాలల్లో వాడుతున్నారు. ఇల్లు ఏడాదికి పది వేల డాలర్లు మాత్రమే పెట్టగలదు.

ఎమ్‌ఐటీకి: రీడింగ్ మధ్య గీతకే కాదు, కింది గీతకీ కింద ఉంది. చదువులో 2, యాక్టివిటీల్లో 2. సాయం అడగడం అడ్డు కాదు. విదేశీయుల మూల శాతం రెండు. వర్క్‌షీట్ల పని ఆమెను గుంపులోంచి బయటికి తెస్తుంది, రీడింగ్ స్కోరు వెనక్కి లాగుతుంది. నూటికి రెండు అని రాసుకోండి, ఇంకో ముప్పై పాయింట్లు తెచ్చుకుంటే మూడు. స్టాన్‌ఫర్డ్‌కి ఇదే ప్రొఫైల్‌తో సాయం అడిగితే ఒకటి లోపు. సాయం బాగా ఇచ్చే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి (సైన్సూ, ఆర్ట్సూ కలిపి డిగ్రీ చదివించేది), హెచ్6 లెక్క చూశాక, నాలుగైదు వెయ్యొచ్చు. అక్కడ లెక్కల్లో ఇంత గట్టి పిల్లలు, తెలుగులో పాఠం తయారుచేసే పిల్లలు తక్కువ. మూల శాతాన్ని రెండింతలు చెయ్యాలన్నా చేతిలో ఒక గట్టి కారణం ఉండాలి, జాతీయ స్థాయి విజయం లేకుండా మూడింతలు దాటించకండి.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు: పది యూనివర్సిటీలకి నూటికి నాలుగు చొప్పున వేస్తే నలభై శాతం అని కలిపేస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా అది నలభై కాదు, ముప్పై మూడున్నర. నిజంగా చూస్తే అంతకన్నా బాగా తక్కువ, ఎందుకంటే పది చోట్లా చదివేది ఒకే వ్యాసం, ఒకే లేఖలు. ఒకచోట బలహీనంగా కనిపించింది పదిచోట్లా అలాగే కనిపిస్తుంది.

ఎర్లీ డెసిషన్‌లో శాతం రెండింతలు కనిపిస్తుంది. అందులో క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు ఎక్కువగా ఉంటారు కాబట్టి అంత లాభం మనకి రాదు. ఎంతో కొంత లాభం ఉంది. కానీ ఒక్క చోటికే పెట్టాలి, వస్తే చేరతానని మాటివ్వాలి. సాయం చాలకపోతే విడిచిపెట్టమని అడగొచ్చు గానీ, నాలుగు చోట్ల సాయం పోల్చి చూసుకునే వీలు పోతుంది. సాయం మీదే ఆధారపడ్డ కుటుంబం అయితే, హెచ్6 సగటు తమకి కావలసినంత ఉన్న కాలేజీకే ఎర్లీ పెట్టాలి.

జాబితాలో పది, పన్నెండు చాలు. ఒక్కో దరఖాస్తుకి వేరే చిన్న వ్యాసాలుంటాయి, పదిహేనోదానికి వచ్చేసరికి అన్నీ ఒకే రంగు పులిహోర అవుతాయి. పది శాతం లోపు తీసుకునే ప్రతిదీ ఎంత గొప్ప విద్యార్థికైనా రీచ్ (అందితే అందొచ్చు, నమ్మకం లేదు) కిందే లెక్క. సేఫ్టీ అంటే సీటు, డబ్బు రెండూ ఖాయమైనది. ఆ అమ్మాయికి అలాంటిది అమెరికాలో ఉండకపోవచ్చు. జేఈఈ మెయిన్‌తో ఎన్‌ఐటీ, ఈఏపీసెట్‌తో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ ఆమె సేఫ్టీలు. అలా రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ ఇంజనీరింగ్‌లో చేరి, మళ్ళీ ఏడాది అమెరికాకి పెడదామనుకుంటే చాలాచోట్ల ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా లెక్కిస్తారు, ఆ తలుపు ఇంకా ఇరుకు. ఏడాది ఆగాలనుకుంటే డిగ్రీలో చేరకుండా ఆగాలి.

బ్రిటన్ లెక్క వేరు

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మన జేఈఈకి కొంచెం దగ్గరి చుట్టాలు. క్రికెట్ కెప్టెన్సీ, సేవా కార్యక్రమాలు అక్కడ పట్టించుకోరు. మార్కులు, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ అంతే. బ్రిటన్ దరఖాస్తులు పెట్టే యూకాస్ వెబ్‌సైట్‌లో అయిదు యూనివర్సిటీలకి పెట్టొచ్చు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒకదానికే. గడువు అక్టోబర్ 15. కేంబ్రిడ్జ్, లండన్ ఇంపీరియల్ కాలేజీ ఇంజనీరింగ్‌కి ఈశాట్ అనే ప్రవేశ పరీక్ష, కొన్ని కోర్సులకి టీఎంయూఏ అనే గణిత పరీక్ష రాయాలి. కేంబ్రిడ్జ్ గణితానికి ఆఫర్ వచ్చాక కూడా స్టెప్ అనే పరీక్ష ఉంటుంది. కోర్సుల వారీగా దరఖాస్తులెన్ని, ఆఫర్లెన్ని అనేది రెండు యూనివర్సిటీలూ ప్రకటిస్తాయి. కాబట్టి యూనివర్సిటీ మొత్తం శాతం కాకుండా కోర్సు శాతం చూడండి. కంప్యూటర్ సైన్స్‌కీ, గ్రీకు, లాటిన్ చదివే క్లాసిక్స్‌కీ పొంతన ఉండదు.

పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని నాలుగు రాయిస్తే అవకాశం చాలావరకు తెలిసిపోతుంది. ఇంటర్ బోర్డు పిల్లలు ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని బ్రిటన్ యూనివర్సిటీలు సీబీఎస్‌ఈకి ఒక శాతం, స్టేట్ బోర్డులకి అంతకన్నా ఎక్కువ శాతం అడుగుతాయి. కోర్సు పేజీలో "ఇండియా" అని ఉన్న చోట చివరి లైను దాకా చదవండి. సాయం మాత్రం చాలా తక్కువ.

తేదీలు ఒకదాని మీద ఒకటి పడే చోటు

అమెరికా ఎర్లీ గడువు నవంబర్ 1, మామూలు గడువు జనవరి మొదటి వారం. జేఈఈ మెయిన్ మొదటి సెషన్ జనవరిలోనే. ప్రాక్టికల్స్, ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి. అమెరికా ఫలితాలు మార్చి చివర, జవాబు చెప్పాల్సింది మే 1 లోపు, జేఈఈ అడ్వాన్స్‌డ్ మేలో. అంటే ఐఐటీ ర్యాంకు చేతికి రాకముందే అమెరికాకి అవునో కాదో చెప్పాలి. రెండూ సమానంగా చదువుతాననే పిల్లల్లో ఎక్కువమంది డిసెంబర్‌లో రెండూ సగం సగం వదిలేస్తారు. వ్యాసాలు దసరా సెలవుల్లోపు చిత్తుప్రతి దాకా తేకపోతే, ఆ ఏడాది ఆరు దరఖాస్తులకి మించి పెట్టకండి.

సలహా కావాలంటే అమెరికా ప్రభుత్వం తరఫున నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ డబ్బు తీసుకోదు. ఎవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళకి కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలు ఏవో ముందు అడగండి. ఈ వ్యాసంలో పేర్లు వచ్చిన అమెరికా యూనివర్సిటీలు ఏజెంట్ల ద్వారా పిల్లల్ని తీసుకోవు.

ఎర్లీ ఫలితం డిసెంబర్ మధ్యలో వస్తుంది. కాదంటే మిగతా గడువులకి రెండు వారాలే ఉంటాయి. ఆ రాత్రే పాత కాగితం బయటికి తియ్యండి, నూటికి రెండు లోపు రాసినవి అందులో ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిలో రెండు కొట్టేసి, ఆ చోట నాలుగైదు శాతం ఉన్నవి రెండు చేర్చి, వాటి వ్యాసాలు మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టించండి.